చలికాలం చెరువు గట్టు: పిట్టల ఫొటోలు తీయడం, నలుగురితో పంచుకోవడం

కార్తీకం వచ్చేసరికి మన చెరువుల మీద వలస పిట్టలు దిగడం మొదలవుతుంది. హోలీ దాటేసరికి చాలామటుకు వెళ్లిపోతాయి. ఈ అయిదు నెలల్లో కెమెరా ఉన్నవాళ్లు ఎక్కువమంది చేసేది ఒకటే: ఒక ఆదివారం పులికాట్, ఇంకో ఆదివారం కొల్లేరు, సంక్రాంతి సెలవుల్లో నేలపట్టు తిరిగొచ్చి రెండు వందల ఫొటోలు ఒక్కసారిగా వాట్సాప్ గ్రూపులో కుమ్మరించడం. చూసేవాళ్లు అయిదో ఫొటో దగ్గర ఆగిపోతారు. ఏ ఫొటో ఏ రోజుదో, ఏ ఊరిదో తర్వాత తీసినవాళ్లకే గుర్తుండదు.

దీనికంటే ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఒకే చెరువును పట్టుకోండి. అక్టోబరు నుంచి మార్చి దాకా వారానికి రెండు మూడు పొద్దులు వెళ్లి, వెళ్లిన రోజుకు ఒక్క ఫొటో, దాని కింద నాలుగు ముక్కల వివరం పెట్టండి. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తేనే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. గుడ్డికొంగ డిసెంబరులో మట్టిరంగు చారలతో గట్టులో కలిసిపోయి ఉంటుంది. ఎగిరిందంటే తెల్లటి రెక్కలు ఒక్కసారిగా బయటపడతాయి. చలి తగ్గి ఎండలు ముదిరే కొద్దీ అదే పిట్ట వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. సూదితోక బాతుల్లో మగవి అక్టోబరులో వచ్చినప్పుడు ఆడవాటిలాగే వెలిసిపోయిన రంగులో ఉంటాయి, జనవరికి గోధుమరంగు తల, తెల్లటి మెడ, పొడుగాటి తోక పూర్తిగా వచ్చేస్తాయి. ఈ మార్పును నెలకో ఫొటోగా పక్కపక్కన పెట్టి చూపిస్తే, దూరం వెళ్లి తీసిన వంద ఫ్లెమింగోల కంటే ఎక్కువమంది ఆగి చూస్తారు.

ఏ గట్టున నిలబడాలి

చలికాలంలో సూర్యుడు నేరుగా తూర్పున కాకుండా ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు. అంచేత పొద్దున చెరువుకు ఆగ్నేయం గట్టున ఉంటే వెలుగు మీ వీపు మీద పడి, పిట్ట కంట్లో చిన్న మెరుపు వస్తుంది. కంట్లో ఆ మెరుపు లేకపోతే ఎంత మంచి ఫొటో అయినా బొమ్మను తీసినట్టే ఉంటుంది. సాయంత్రానికి నైరుతి గట్టుకు మారాలి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు పొడిచేది సుమారు 6:35 నుంచి 6:50 మధ్య. శ్రీకాకుళం వైపు దాదాపు 20 నిమిషాలు ముందే. పొద్దు పొడవడానికి పావుగంట ముందు అక్కడ కూర్చుని ఉండాలి. వెలుగు వచ్చాక గట్టు మీద నడిచి వెళ్తే, దగ్గరున్న పిట్టలన్నీ మీకంటే ముందే అవతలి గట్టుకు చేరిపోతాయి.

ఈ కాలంలో ఉన్న గొప్ప సౌకర్యం సూర్యుడు పైకి ఎక్కకపోవడం. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి పోడు. వేసవిలో ఎనిమిదింటికే కళ్ల కింద నల్లటి నీడలు పడిపోతాయి. ఇప్పుడు తొమ్మిదిన్నర దాకా, మళ్లీ మూడున్నర తర్వాత హాయిగా తీసుకోవచ్చు.

చెరువంతా ఒకటే కాదు. మధ్యలో లోతు నీళ్లలో బాతులు, బొల్లికోళ్లు, మునకలేసే బుడుబుంగలు ఉంటాయి, వాటికి పెద్ద లెన్సు కావాలి. అలుగు దగ్గర, తూము కింది కాలువలో నీళ్లు పలచగా ఉంటాయి కాబట్టి కొంగలు, లకుముకి పిట్టలు, తోక ఆడించే వాగ్‌టెయిళ్లు అక్కడికే వస్తాయి. చిన్న లెన్సు ఉన్నవాళ్లకు అదే సరైన చోటు. డిసెంబరు తర్వాత నీళ్లు తగ్గి శిఖం (చెరువు లోపలి నేల) అంచున బురద తేలినప్పుడు ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగుతాయి. డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) దమ్ము పట్టే రోజుల్లో అయితే చెరువు దాకా వెళ్లక్కర్లేదు, ట్రాక్టరు వెనకే పదులకొద్దీ కొంగలు నడుస్తుంటాయి. జనవరి చివర, ఫిబ్రవరిలో ఆకు రాల్చి పూసిన బూరుగు చెట్టు దొరికితే దాని కింద రెండు గంటలు కూర్చోండి. గోరింకలు, తేనెపిట్టలు, గులాబీ గోరింకల గుంపులు పూల కోసం వస్తూనే ఉంటాయి. కొమ్మలకు ఆకులు అడ్డం ఉండవు కూడా.

కెమెరా, వెలుగు, మంచు

ఫోను ఒక్కటే ఉంటే దూరపు పిట్టల జోలికి పోవద్దు. వేళ్లతో సాగదీసిన జూమ్‌లో పిట్ట రంగుల ముద్దగా మారుతుంది. ఫోనుకు చలికాలం ఇచ్చే వరం మంచు. పొద్దున ఆరున్నరకు గట్టు మీది గడ్డి మొదళ్ల దగ్గర వెతికితే తూనీగ కనిపిస్తుంది. రాత్రి చలికి కదలలేక, గడ్డి పోచను ఆరు కాళ్లతో పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. రెక్కల నరాల వెంబడి మంచుబొట్లు వరసగా పేర్చినట్టు ఉంటాయి, కళ్ల మీద కూడా గసగసాలంత బొట్లు. ఎండ తగిలిన కాసేపటికి రెక్కలు సన్నగా వణికించి ఒళ్లు వేడి చేసుకుంటుంది, ఆ తర్వాత ఎగిరిపోతుంది. ఆ కాస్త సమయమే మీది. ఫోనును తూనీగ ఎత్తుకు దించి, రెక్కలకు సమాంతరంగా పట్టుకుంటే రెక్క మొత్తం స్పష్టంగా వస్తుంది. ఏటవాలుగా పడితే సగం రెక్క మసకబారుతుంది. వెలుగు వెనక నుంచి వస్తే బొట్లు మెరుస్తాయి. నీళ్లు చిలకరించి మంచుబొట్లు చేయడం, తూనీగను తీసి ఇంకో పువ్వు మీద పెట్టడం చేయొద్దు. తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు, పైగా ఆ చలిలో కదిలించిన తూనీగ కిందపడి చీమల పాలవుతుంది.

పిట్టలకు నికాన్ పి950 లాంటి 83 రెట్ల జూమ్ కెమెరా గానీ, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ మీద 70-300 లెన్సు గానీ సరిపోతుంది. కదలకుండా కూర్చున్న పిట్టకు షట్టరు వేగం 1/500 సెకను, తోక ఆడిస్తూ తిరిగేదానికి 1/1000, ఎగిరే కొంగకు 1/1600, ఎగిరే బాతుకు 1/2500. ఐఎస్‌ఓను (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వాన్ని) ఆటోలో ఉంచి, 3200 లేదా 6400 దాటకుండా హద్దు పెట్టండి. పొద్దున్నే వెలుగు చాలక ఐఎస్‌ఓ పెరిగి ఫొటోలో గరుకు కనబడుతుందని భయపడి షట్టరు తగ్గిస్తారు చాలామంది. గరుకును తర్వాత కొంత దిద్దుకోవచ్చు, కదిలి చెదిరిన పిట్టను ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

తెల్ల కొంగ దగ్గర అందరూ బోల్తా పడతారు. నల్లటి నీళ్ల మీద చిన్నగా తెల్ల కొంగ ఉంటే కెమెరా నీళ్లను చూసి వెలుగు పెంచేస్తుంది, ఈకలు సున్నం పూసినట్టు తెల్లబోతాయి. ఎక్స్‌పోజరును -0.7 నుంచి -1 దాకా తగ్గించాలి. దీనికి తిరగేసిన పరిస్థితి మెరిసే నీళ్ల మీది నీటికాకి. అక్కడ +0.7 నుంచి +1 పెంచకపోతే నల్ల ముద్దే వస్తుంది. మంచు తెర కప్పిన పొద్దుల్లో కూడా కెమెరా ఆ తెలుపును చూసి ఫొటోను బూడిదరంగుకు లాగుతుంది, +0.7 పెంచితే మంచు మంచులా ఉంటుంది.

మంచులో ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూనే ఉంటుంది, ఎందుకంటే దానికి పట్టుకోవడానికి చీకటి, వెలుగుల తేడా దొరకదు. ఒకే పాయింట్ పెట్టి, పిట్ట ముక్కుకూ వెనకున్న తెలుపుకూ మధ్య అంచు మీద ఉంచండి. అప్పటికీ దొరకకపోతే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవడమే. ఎండ ఎక్కాక వచ్చే సమస్య వేరు. పది దాటాక దూరపు నీళ్ల మీద గాలి అలలు అలలుగా ఆడుతుంది. ఫొటో మెత్తగా వస్తే లెన్సు పాడైందనుకుని దుకాణానికి తీసుకెళ్తారు. షట్టరు ఎంత పెంచినా ఇది పోదు. పిట్టకూ మీకూ మధ్య దూరం తగ్గాలి, లేదా ఆ రోజుకు కెమెరా సంచిలో పెట్టేయాలి.

లెన్సు ముందు అద్దం మీద మంచు పడితే చొక్కాతో తుడవొద్దు, మట్టి రేణువులు గీతలు పెడతాయి. లెన్సు ముందు తగిలించే తొడుగు, హుడ్, ఎప్పుడూ ఉంచితే సగం మంచు అక్కడే ఆగుతుంది. చల్లబడిన కెమెరాను ఇంట్లోకి తేగానే బయటికి తీస్తే, వంటింటి ఆవిరి తగిలి లోపలి అద్దాలకు చెమ్మ పడుతుంది. బయటే జిప్ సంచిలో పెట్టి మూసి, ఇంట్లో అరగంట అలాగే వదిలేయండి. అరకు, లంబసింగి, ఆదిలాబాదు చలిలో బ్యాటరీ త్వరగా పడిపోయినట్టు చూపిస్తుంది. రెండో బ్యాటరీని లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకుని మార్చుకుంటూ వాడితే చాలు. చేతులు వణకకుండా లెన్సు కింద పెట్టడానికి పాత జీన్స్ కాలు ముక్కను సంచిలా కుట్టి కిలోన్నర బియ్యం పోయండి. అయితే బియ్యాన్ని ముందు పాలిథిన్ కవరులో కట్టాలి, లేకపోతే మంచుకు చెమ్మగిల్లి వారంలో వాసన వస్తుంది.

దగ్గరికి వెళ్లడం, వెళ్లకపోవడం

పిట్టకేసి తిన్నగా నడవొద్దు. పక్కగా, ఆగుతూ, వేరే పని మీద పోతున్నట్టు వెళ్లి కూర్చోండి. కూర్చున్న మనిషిని పిట్టలు నిలబడ్డ మనిషి కంటే తొందరగా మరిచిపోతాయి. కెమెరాను నీటి మట్టానికి ఎంత దించితే ఫొటో అంత బాగుంటుంది, వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుంది.

ఎక్కడ ఆగాలో పిట్టే చెబుతుంది. మేత మానేసి మెడ నిటారుగా ఎత్తితే ఒక హెచ్చరిక. గుంపులో సగం మెడలు లేస్తే ఇక అడుగు వేయొద్దు, కిందికి కూర్చోండి. తీతువు అరుస్తూ మీ తల మీద తిరుగుతుంటే మీరు ఉండకూడని చోట ఉన్నట్టు. ఎగిరే ఫొటో కోసం రాయి విసరడం, చప్పట్లు కొట్టడం చేసేవాళ్లున్నారు. తల మీద రెండు నల్ల పట్టెలుండే బార్‌హెడెడ్ గూస్ బాతులు హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా వైపు తిరిగి పోవాలి. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడ మేసి కూడబెట్టుకుంటాయి. మీరు లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది. కాసేపు ఆగితే వాటంతట అవే లేస్తాయి, లేచే ముందు అరుపులు పెరిగి అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఆ రెండు గుర్తులు చూసి వేలు సిద్ధంగా పెట్టుకోవడమే. ఫోనులో పిట్ట కూత వినిపించి రప్పించడం కూడా వద్దు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. చలికాలం వలస పిట్టలకు విడిది అయితే, గూడబాతులకూ (పెలికన్లు) ఎర్రకాళ్ల కొంగలకూ (పెయింటెడ్ స్టార్కులు) గూళ్ల కాలం. నేలపట్టు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, కొల్లేరులోని ఆటపాక, ఇవన్నీ ఈ నెలల్లో గూళ్లతో నిండి ఉంటాయి. తల్లి కొంగ మధ్యాహ్నం ఎండకు వీపు పెట్టి, రెక్కలు గొడుగులా చాపి పిల్లల మీద నీడ పడేలా నిలబడుతుంది. మనిషి మరీ దగ్గరికి పోయి దాన్ని లేపేస్తే పిల్లలు ఎండలో వేగిపోతాయి, కాకులూ గద్దలూ గుడ్లు ఎత్తుకుపోతాయి. కాబట్టి గూళ్ల ఫొటోలు మంచె మీది నుంచో, గట్టు మీది నుంచో మాత్రమే తీయాలి. అభయారణ్యాల్లో కెమెరాకు వేరే రుసుము ఉంటుంది, టికెట్టు దగ్గరే అడిగి కట్టేయండి. డ్రోను అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

దిద్దడం

ఇంటికొచ్చాక వంద ఫొటోల్లో ఒకటి ఎంచడమే కష్టమైన పని. ముందు కన్ను స్పష్టంగా లేనివన్నీ తీసేయండి. మిగిలినవాటిలో పిట్ట ఏదో పని చేస్తున్నది, అంటే చేపను తిప్పి మింగుతున్నదో, ఈకలు దువ్వుకుంటున్నదో, ముందుకు తీసుకోండి. ఊరికే నిలబడ్డ లకుముకి అందరి దగ్గరా ఉంది.

కత్తిరించేటప్పుడు పిట్ట చూస్తున్న వైపు ఎక్కువ ఖాళీ వదలాలి. కత్తిరించాక పొడుగు వైపు కనీసం 1000 పిక్సెళ్లు మిగలాలి. మంచు తెరను మొత్తం తొలగించే మీటను (డీహేజ్) చివరికంటా లాగితే ఆ పొద్దు పోయి, మురికి నీలం మిగులుతుంది. ఏఐతో ఫొటో పెద్దది చేసే యాప్‌లు లేని ఈకలను అల్లుతాయి. అందంగానే ఉంటుంది, కానీ ఆ ఫొటో చూసి పిట్టను గుర్తుపట్టబోయేవాళ్లు తప్పుదారి పడతారు. పంచుకునే ఫొటోకు అది వాడొద్దు. రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీలో ఉంచి జేపెగ్ నాణ్యత 85 దగ్గర సేవ్ చేస్తే ఏ ఫోనులోనైనా రంగులు దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

పంచుకోవడం

ఫొటో కింద రాసే నాలుగు ముక్కలే దాన్ని నిలబెడతాయి. "శుభోదయం, ప్రకృతి అందం" అని రాస్తే ఆ ఫొటో సాయంత్రానికి మరుగున పడుతుంది. ఇలా రాసి చూడండి: "గుడ్డికొంగ. డిసెంబరు 14, ఉదయం 7:10. తూము పక్క గట్టు. గంటసేపట్లో మూడు చేపలు పట్టింది, మూడూ చిటికెన వేలంత. వీపు ఇంకా మట్టిరంగే." మార్చిలో వీపు ఎర్రబడిన ఫొటో పెట్టినప్పుడు దీన్ని చూసినవాళ్లు వెతుక్కుని మరీ వెనక్కి వస్తారు.

పేరు ముందు ఊళ్లో పిలిచే తెలుగు పేరు రాయండి, తర్వాత ఇంగ్లీషు పేరు తెలుగు లిపిలో. పేరు ఖాయంగా తెలియకపోతే "కొంగ జాతి, పేరు చెప్పగలరా" అని అడగడంలో నామోషీ లేదు. తప్పు పేరు ఒకసారి గ్రూపుల్లో తిరగడం మొదలైతే ఆపలేం. గులాబీ రంగు కనబడగానే ఎర్రకాళ్ల కొంగను ఫ్లెమింగో అని రాసేస్తారు. ముక్కు చూస్తే తెలిసిపోతుంది: ఎర్రకాళ్ల కొంగ ముక్కు పసుపుపచ్చగా, పొడుగ్గా ఉంటుంది, ఫ్లెమింగోది మధ్యలో విరిచినట్టు కిందికి వంగి ఉంటుంది. తెల్ల కొంగల్లో నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు పాదాలు ఉంటే చిన్న కొంగ, లిటిల్ ఎగ్రెట్. అందుకే పాదాలు నీళ్లలోంచి బయటికి వచ్చిన ఫొటో ఒకటి తీసి ఉంచుకోవాలి. పిట్టలను గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చెప్పిన పేరును సాక్ష్యంగా తీసుకోవద్దు, అది సూచన మాత్రమే.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదై ఈకల నాణ్యం పోతుంది, హెచ్‌డీ గుర్తు నొక్కి పంపాలి. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, ఫోను అందులో రాసిపెట్టిన జీపీఎస్ అంకెలతో సహా. ఇన్‌స్టాగ్రామ్‌కు నిలువు ఫొటో 1080 × 1350 కొలతలో సిద్ధం చేసి పెడితే అది కొలతను మళ్లీ తగ్గించదు. లైకుల కోసం కాకుండా ఫొటో పదేళ్ల తర్వాత కూడా పనికిరావాలంటే, పిట్టల లెక్కలు భద్రపరిచే సైటు ఈబర్డ్‌లో ఆ పొద్దు చూసిన పిట్టలన్నిటి లెక్కా రాసి దానికి ఫొటో జతచేయండి. అక్కడ చుట్టూ గీతలు, సంతకం, పేరు ముద్ర లేని ఫొటో కావాలి. తూనీగలు, సాలీళ్లు, మొక్కలకు, అన్ని జీవులనూ నమోదు చేసుకునే ఐనేచురలిస్ట్ సైటు మేలు. ఒక నమోదులో ఒకే జీవి ఉండాలి, దానివే రెండు మూడు కోణాలు పెట్టొచ్చు. ఒకే నమోదులో కొంగ, తూనీగ, పువ్వు కలిపి పెట్టడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.

చోటు ఎంతవరకు చెప్పాలన్నది బాగా ఆలోచించాల్సిన విషయం. బాతులకు, కొంగలకు చెరువు పేరు రాయొచ్చు. గుడ్లగూబ, ఏ పిట్టదైనా గూడు, నక్షత్ర తాబేలు, వీటికి జిల్లా పేరు దాటి రాయొద్దు. గుడ్లగూబలకు దీపావళి రోజుల్లో పట్టేవాళ్ల బెడద ఎక్కువ, నక్షత్ర తాబేళ్లను అమ్ముకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఐనేచురలిస్ట్‌లో చోటును మసకబరిచే ఎంపిక ఉంది. అది ఎంచితే అసలు చోటును చూపకుండా సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో గుర్తు పెడుతుంది. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం ఒక్కటే చాలదు. ఫొటో వెనక గుడి గోపురం, కిలోమీటరు రాయి, సెల్‌ టవరు కనిపిస్తే ఊరివాళ్లు నిమిషంలో కనిపెడతారు. అలాంటి ఫొటోను గూడు ఖాళీ అయ్యాకే బయటపెట్టండి.

జనవరిలో నీటి పిట్టలను లెక్కపెట్టే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచీ జరుగుతోంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ వస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని చూసినవన్నీ రాస్తే చాలు. మీ చెరువు ఆ రోజుల్లో ఖాళీగా పోనివ్వకండి. సంక్రాంతి తర్వాత వారం గట్టు మీది చెట్లకు చిక్కుకున్న గాలిపటాల దారాలు కూడా చూడాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా కొమ్మలకు కనిపిస్తూనే ఉంది. అందులో చిక్కిన పిట్ట కనబడితే ముందు అటవీ శాఖకో, జంతు సంరక్షణ వాళ్లకో ఫోను చేయండి, ఫొటో తర్వాత.

అమెరికా, కెనడాల్లో ఉన్న తెలుగువాళ్లకు చెరువు గడ్డకట్టినా పెరట్లో గింజల ఫీడరు ఉంటుంది. దాన్ని కిటికీకి మూడు అడుగుల లోపు తగిలిస్తే పిట్టలు అద్దానికి గట్టిగా గుద్దుకునేంత వేగం అందుకోలేవు. గదిలో దీపం ఆర్పి, లెన్సును అద్దానికి ఆనించి తీస్తే ప్రతిబింబం పడదు. మంచు నేల మీద ఎక్స్‌పోజరు +1 నుంచి +1.7 దాకా పెంచాలి. అక్కడి ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంటి పెరటి లెక్కలు తీసుకుంటుంది.

ఫైలు పేరును 2025-12-14-గుడ్డికొంగ-తూము అన్న పద్ధతిలో మొదటి రోజు నుంచే పెట్టండి. మార్చిలో వెయ్యి ఫైళ్లకు పేర్లు పెట్టడం ఎవరివల్లా కాదు. బాతులు మొదట దిగిన తేదీ ఎంత ముఖ్యమో, ఆఖరున కనిపించిన తేదీ అంతే ముఖ్యం, అది చాలామంది రాయరు. మార్చి చివర రెండు వారాలు బాతులు లేకపోయినా వెళ్లండి. ఆ ఖాళీ నీళ్లనే ఒక ఫొటో తీసి, "ఈ రోజు సూదితోక బాతులు సున్నా" అని తేదీతో సహా పెట్టండి.